గొలుసు పట్టినవాడికి జట్టు ఉండదు

ఇందుమూలంగా అమెరికాలో అరోరా, నేపర్‌విల్ ఇత్యాది పట్టణాల్లో కాపురముంటున్న సమస్త తెలుగు కుటుంబాలకూ, వాళ్ళ ఇళ్ళకి వచ్చిపోయే అత్తమామలకూ చాటింపు వేసి చెప్పేదేమిటంటే: మా వదినగారింటి ఫ్రిజ్‌లో పాల డబ్బా వెనక, పెరుగు గిన్నె కింద, అల్యూమినియం కాగితం చుట్టి దాచిన గోంగూర పచ్చడి సీసా నేటినుంచి సర్వజనుల ఆస్తి. ఎవరైనా తినవచ్చు. తడి స్పూను పెట్టినా అడిగేవాడు లేడు. డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎలా పడేసినా మళ్ళీ తీసి సర్దేవాడు లేడు. కిరాణా కొట్టు ప్లాస్టిక్ సంచుల్ని సమోసాల్లా మడిచి సొరుగులో పేర్చే శాఖ శాశ్వతంగా మూతపడింది.

ఆ శాఖకి అధిపతి మా పెద్ద తోడల్లుడు. మా ఆవిడకి అక్క మొగుడు. ఫిబ్రవరిలో పోయాడు. ఇంట్లోనే, మేడ మీద గదిలో, ఆఫీసు మీటింగ్‌లో కూర్చుని ఉండగా పోయాడు. ఆయన మాట్లాడాల్సిన వంతు వచ్చిందట. "మీరు మ్యూట్‌లో ఉన్నారు, అన్‌మ్యూట్ చేసుకోండి" అని అవతలివాళ్ళు చెబుతూనే ఉన్నారట. కాసేపటికి విసుగొచ్చి తర్వాతవాడి దగ్గరికి వెళ్ళిపోయారట. వదిన కాఫీ తీసుకుని పైకి వెళ్ళేసరికి తెరమీద ఇంకా ఎవరో ఏదో చెబుతూనే ఉన్నారు.

ఈ పత్రిక సంపాదకుడు నా దగ్గరికి వచ్చి, "నువ్వు పక్కనే ఉన్నవాడివి కదా, నాలుగు మాటలు రాయి. జోకులు మాత్రం వద్దు" అన్నాడు. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. అంతకుముందు మా ఖమ్మంలో పెళ్ళిళ్ళకీ చావులకీ మైక్‌సెట్ కట్టినవాణ్ణి. పెళ్ళిలో ఒక గొంతు, చావులో ఒక గొంతు పెట్టడం నాకు చేతకాకే ఆ వ్యాపారం మునిగింది. కాబట్టి చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నేను ఈ దేశానికి మా ఆవిడ వీసా తోక పట్టుకుని వచ్చాను. ఆవిడ ఉద్యోగానికి వెళ్ళేది, నేను ఇంట్లో ఉండేవాణ్ణి. పని చేయకూడదు, అనుమతి లేదు. కారు నడపడం రాదు. బయట నడుద్దామంటే ఫుట్‌పాత్ రెండిళ్ళ దాకా వచ్చి ఆగిపోయేది, దాన్ని వేసినవాడికి కూడా నాలాగే ఎటు పోవాలో తెలియనట్టు. పగలంతా టీవీలో వాతావరణం చూసేవాణ్ణి. బయటికి పోనివాడికి వాతావరణం ఎందుకని మా ఆవిడ అడిగితే చానెల్ మార్చేవాణ్ణి.

ఆ రోజుల్లో ఒక శనివారం మా తోడల్లుడు వచ్చి హారన్ కొట్టాడు. "పద తమ్ముడూ" అన్నాడు. ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళి స్టీరింగ్ నా చేతికిచ్చాడు. జనవరి. అద్దాలు దించే ఉన్నాయి.

"అన్నయ్యా, చలికి చస్తాం, అద్దం ఎత్తండి."

"సగం ఎత్తు. పూర్తిగా వద్దు."

"హీటర్ దేనికి పెట్టుకున్నట్టు మరి?"

"అది వేడికి. అద్దం ఊపిరికి."

ఆయనకి అదొక పిచ్చి. కారైనా, ఇల్లైనా, ఆఫీసైనా ఎక్కడో ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉండాలి. ఒకసారి గుడి పార్కింగ్‌లో ఆయన కారులో మంచు సీటుదాకా పేరుకుపోయింది. నేను వెళ్ళి గుడి మైకు పుచ్చుకుని, "భక్తులకు మనవి. ఒక బూడిదరంగు కారులో హిమాలయం వెలసింది, దర్శనం చేసుకోగోరువారు క్యూలో రావాలి" అని చెప్పాను. పూజారిగారు నన్ను మళ్ళీ మైకు దగ్గరికి రానివ్వలేదు. మా తోడల్లుడు మాత్రం దులుపుకుని, ఆ అద్దం అలాగే దించుకుని ఇంటికి పోయాడు. నేను లైసెన్సు తెచ్చుకున్నదీ, తర్వాత పని చేసుకునే కార్డు వచ్చాక ఇండియన్ గ్రోసరీలో బజ్జీల కౌంటర్‌లో నిలబడ్డదీ ఆ పార్కింగ్ లాట్ చలవే. ఆ చలి చలవే అనాలి.

ఇక గొలుసు సంగతి.

వాళ్ళకి ఒక్కతే కూతురు. మేం అమ్మలు అంటాం. చిన్నప్పటినుంచి సాకర్, అంటే మన ఫుట్‌బాల్, ఆడేది. హైస్కూల్లో చేరాక ఫుట్‌బాల్ కోచ్ దాని కాలు చూసి, మా జట్టుకి కిక్కర్‌గా రా అన్నాడు. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో ఆడేది కాదు. బంతిని చంకలో పెట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తేది. అప్పుడప్పుడూ మాత్రం ఒకరు వచ్చి బంతిని రెండు స్తంభాల మధ్యనుంచి తన్నాలి. ఆ ఒక్కరు మా అమ్మలు. భుజాలకి రేకులు కట్టుకున్న పోతరాజుల మధ్య సన్నగా, పొడుగు జడతో నిలబడేది.

అది పబ్లిక్ స్కూలు, ఇక్కడి సర్కారు బడి. అంటే మన వీధి ఆ స్కూలు గీతలో ఉంటేనే సీటు. ఆ గీత కోసమే మా తోడల్లుడు తాహతుకి మించి ఆ ఇల్లు కొన్నాడు. అందరూ గుడ్డుపెట్టే కోడిలా ఇల్లు వెతికితే ఆయన మ్యాప్ చూసి వెతికాడు.

కూతురు మైదానంలో ఉంటే తాను స్టాండ్స్‌లో దుప్పటి కప్పుకుని కూర్చోవడం ఆయనకి నచ్చలేదు. మైదానం అంచున నిలబడే పని ఏదైనా ఉందా అని స్కూలువాళ్ళని అడిగాడు. ఉంది అన్నారు. నేను కూడా వస్తానన్నానని, నేను అనకుండానే, చెప్పేశాడు. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి. ఆ పది గజాలు కొలవడానికి రెండు కర్రలు, మధ్యలో గొలుసు. ఒక కర్ర ఆయన చేతికిచ్చారు. ఇది ఎన్నో ప్రయత్నమో చూపించే నంబరు పలక నా చేతికిచ్చారు.

మొదటి ఆటకి వెళ్ళాక తెలిసింది. గొలుసు పట్టేవాళ్ళు నిలబడేది మన జట్టు వైపు కాదు, అవతలి జట్టు వైపు. మన పిల్లలు మైదానానికి ఆ ఒడ్డున, మేం ఈ ఒడ్డున, మా వీపు వెనకే శత్రుసైన్యం, వాళ్ళ తల్లిదండ్రులు, వాళ్ళ డప్పులు. పైగా తెల్లటోపీ పెట్టుకున్న పెద్ద రిఫరీ వచ్చి హెచ్చరించాడు: ఆట అయ్యేదాకా మీరు నా మనుషులు, చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ముఖాలు కూడా మామూలుగా పెట్టుకోవాలి.

"అన్నయ్యా, ఇదేం పనండీ? పెళ్ళికూతురి తండ్రిని తీసుకెళ్ళి మగపెళ్ళివారి విడిదికి కాపలా పెట్టినట్టుంది. మానేద్దాం పదండి."

"వస్తామని చెప్పాంగా."

"మీరు చెప్పారు, నేను చెప్పలేదు."

"గొలుసు పట్టినవాడికి జట్టు ఉండదు తమ్ముడూ. పలక ఎత్తు" అన్నాడు.

అలా నిలబడ్డాడు. కూతురు బంతిని స్తంభాల మధ్యనుంచి పంపినప్పుడల్లా ఆయన కర్రని ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడు. అంతే. నేను మాత్రం పలక వెనక ముఖం దాచుకుని నవ్వుకునేవాణ్ణి. పలకకి అదొక్కటే ఉపయోగం.

అమ్మలు టెన్త్‌లో ఉండగా, ఆటల సీజన్ మధ్యలో, ఒక సాయంత్రం మా తోడల్లుడు నా కౌంటర్ దగ్గర బజ్జీల కోసం నిలబడి ఉంటే ఒకాయన వచ్చాడు. మనవాడే, కరీంనగర్ వైపు. కొడుకుని ఒక ప్రైవేటు హైస్కూల్లో వేశాడు. ఏ స్కూలో చెప్పను. చెబితే రేపు నా బజ్జీలు తినేవాళ్ళలో సగం మంది తగ్గిపోతారు.

"అన్నా, మీ బిడ్డ కొట్టిన కిక్కు మా కోచ్ వీడియోల చూసిండు. గట్లనే చూస్తుండిపోయిండు."

"అలాగా" అన్నాడు మా తోడల్లుడు.

"మేం రమ్మని అడుగుతలేం. అడగొద్దని రూలు. ఊకనే ఓపెన్ హౌస్ ఉంది, బడి చూడుండ్రని అందర్ని పిలుస్తున్నం. కాఫీ తాగి పోండి."

"ఫీజెక్కువ కదండీ అక్కడ."

"ఫీజుకెందుకు పరేషాన్? ఫైనాన్షియల్ ఎయిడ్ అని ఒకటుంటది. మీ బిడ్డసొంటోళ్ళ కోసమే. రూల్స్ గీల్స్ అన్నీ ఆళ్ళే చూసుకుంటరు."

నేను పొట్లం కడుతూ, "మా కిక్కర్‌కి సీటు సరే అన్నా, కిక్కర్ బాబాయికి ఏమన్నా ఉందా? నేను కూడా ఇంటర్ తప్పి ఖాళీగానే ఉన్నాను" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. మా తోడల్లుడు నవ్వలేదు. బజ్జీలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఈ ప్రైవేటు, పబ్లిక్ గొడవ ఇక్కడ ఫుట్‌బాల్ ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఉంది. పిల్లల సంఖ్యని బట్టి స్కూళ్ళని డివిజన్లుగా కడతారు. పబ్లిక్ స్కూలుకి గీత లోపలి పిల్లలే. ప్రైవేటుకి గీత లేదు, ఎంత దూరం నుంచైనా రావచ్చు. ఆ తేడా కోసం ప్రైవేటువాళ్ళ సంఖ్యని కొంచెం పెంచి లెక్కేసి ఒక మెట్టు పైకి తోస్తారు. తోసినా కప్పులు చాలావరకు వాళ్ళింటికే పోతాయని మనవాళ్ళ ఏడుపు. గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ ఒకాయన "వాళ్ళకి వేరే డివిజన్ పెట్టాలండీ" అంటే ఇంకొకాయన "పెడితే గట్టివాణ్ణి ఓడించామన్న పేరు మనకెప్పుడొస్తుంది?" అన్నాడు. బంతి ముట్టుకుని ఎరగని వాళ్ళంతా చొక్కాలు చింపుకునేలా వాదించుకున్నారు. మా తోడల్లుడు ఆకు మడిచి లేస్తూ, "విడగొట్టమనేవాడు ఓడిపోయి అంటున్నాడు, వద్దనేవాడు గెలిచి అంటున్నాడు. ఆడే పిల్లల్ని ఒక్కడూ అడగలేదు" అన్నాడు.

వదిన పక్క టేబుల్ నుంచి వింది. "మీరడిగారా మరి, మీ పిల్లని?" అంది.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

అడగాల్సిన అవసరం లేదు. ఓపెన్ హౌస్ కబురు అమ్మలు చెవిన పడింది, వెళ్ళాలని దానికుంది. ఆ స్కూలు ఆటలకి కాలేజీ కోచ్‌లు వచ్చి కూర్చుంటారు. పిల్ల ఇండియాలో పుట్టింది. తండ్రి గ్రీన్‌కార్డు రాకముందే దానికి ఇరవై ఒకటి నిండితే మళ్ళీ స్టూడెంట్ వీసా, మళ్ళీ మొదటినుంచి. కాలేజీ వాళ్ళే ఫీజు కట్టి పిలిస్తే ఎంతో కొంత ఊరట అని ఆ వయసుకే దానికి తెలుసు. మన ఇళ్ళలో పిల్లలకి ఎక్కాల కంటే ముందు వీసాలు వస్తాయి.

ఇక్కడ నేనొక చిలిపి పని చేశాను. మన కార్పొరేట్ కాలేజీలు ర్యాంకులొచ్చిన రోజు వేసే ప్రకటన ఉంటుంది చూడండి, అచ్చం అలాంటి పోస్టర్ ఒకటి తయారు చేయించాను. మధ్యలో అమ్మలు ఫోటో, చుట్టూ సూర్యకిరణాలు, పైన "మా కిక్కర్! మా కిక్కర్! మా కిక్కర్!", కింద "అడ్మిషన్లు జరుగుచున్నవి". మా తోడల్లుడి గరాజ్ తలుపుకి అంటించాను. ఆఫీసునుంచి వచ్చి చూసి, తిట్టి, ఆ తర్వాత నవ్వి టీ ఇస్తాడనుకున్నాను.

ఆయన కారు దిగి దాని ముందు నిలబడిపోయాడు. తర్వాత అంచులు చిరగకుండా నెమ్మదిగా ఊడదీశాడు. గరాజ్‌లో బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంచాడు.

"ఇలాంటి ప్రకటనలో నా ఫోటో కూడా వేశారు తెలుసా, ఒకప్పుడు" అన్నాడు.

ఒంగోలు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడాయన. టెన్త్‌లో జిల్లా అంతా చెప్పుకునే మార్కులు. ఫలితాలు వచ్చిన రోజే ఇంటిముందు జీపు ఆగిందట. "సీటు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ అన్నారు. మా నాన్న జీపు టైర్లకేసి చూస్తున్నాడు, నాకేసి చూడలేదు. ఎక్కేశాను. మా హెడ్మాస్టరు జీపు వెంట వీధి చివరిదాకా నడిచాడు తమ్ముడూ."

"హాస్టల్ బాగుండేది కాదా?"

"కిటికీ తెరుచుకునేది కాదు. ఊచలు. ఊచల మీద జాలీ. ఒకడు దూకబోయాడని దాని మీద రేకు కూడా కొట్టారు. పక్కమంచం వాడు ఏడుస్తుంటే లేవబోయాను. వార్డెన్ వచ్చి, నీ ర్యాంకు నువ్వు చూసుకో అన్నాడు. చూసుకున్నాను. ర్యాంకొచ్చింది, పేపర్లో ఫోటో వేశారు. మా స్కూలు పేరు ఎక్కడా లేదు. ఊరికే వచ్చే సీటుకి కిటికీలుండవయ్యా."

నా నోరు ఊరుకోదు కదా. "ఆ ర్యాంకు వల్లే కదన్నయ్యా ఇంజనీరింగు, అమెరికా, ఈ ఇల్లూ?" అన్నాను.

"అవును. ఇప్పుడు ఈ కంపెనీలోంచి కదిలితే గ్రీన్‌కార్డు లైను పాడవుతుందేమోనని భయం. మేనేజర్ ఏమన్నా తలూపుతున్నాను. ఆ జీపు ఇంకా దిగలేదు నేను" అన్నాడు.

నేను చేసిన చిలిపి పనులన్నిట్లోనూ ఎవరూ నవ్వనిది అదొక్కటే.

ఆ ఆదివారం భోజనాల దగ్గర తండ్రీకూతుళ్ళకి పడింది. మేం కూడా అక్కడే ఉన్నాం. హాస్టళ్ళకి పిల్లని పంపనని ఆయన మొదలుపెట్టాడు.

"డాడీ, ఇట్స్ నాట్ ఎ హాస్టల్! రోజూ ఇంటికే వస్తాను. బస్ ఉంది."

"ఉంటుంది. తీసుకుపోయేవాళ్ళు ఎప్పుడూ బండి పంపిస్తారు."

"వాట్ డజ్ దట్ ఈవెన్ మీన్? బాబాయ్, డాడీ ఏం అంటున్నాడు?"

"నన్నడక్కు బంగారం, నాది బజ్జీల శాఖ" అన్నాను.

"ఆ హాస్టల్ సంగతి దానికి చెప్పొచ్చు కదండీ" అంది వదిన. ఆయన చెప్పలేదు. "నీకు ఈ ఆట నేర్పింది ఈ స్కూలు. వీళ్ళని వదిలి ఎలా పోతావ్?" అన్నాడు.

"స్కూల్ కాదు. నేనే నేర్చుకున్నాను. బ్యాక్‌యార్డ్‌లో, ఎవ్రీ ఈవెనింగ్. నువ్వు చూడలేదు. నువ్వు కాల్‌లో ఉన్నావు. యూ ఆర్ ఆల్వేస్ ఆన్ ఎ కాల్." పిల్ల కంచం తీసుకుని లేచిపోయింది.

ఆ తర్వాత తండ్రితో దాని మాటలు రెండే: ఓకే, ఫైన్. ఆయనకి కావాల్సింది ఒక్కటేనని నాకనిపించేది. పిల్ల ఎక్కడ చదివినా సరే, తాను దాన్ని చూస్తున్నానని దానికి తెలియాలి. చెప్పడమే రాదు ఆయనకి. మేనేజర్ ముందు మూసుకున్న నోరు ఇంట్లో కూడా తెరుచుకునేది కాదు.

నవంబర్‌లో ప్లేఆఫ్స్. ఓడితే ఇంటికి. మొదటి ఆటే మా పిల్లలకీ, ఆ ప్రైవేటు స్కూలుకీ పడింది, మా మైదానంలోనే, శనివారం మధ్యాహ్నం. గాలి చెవులు కోస్తోంది. మేం మామూలుగానే అవతలివాళ్ళ వైపు నిలబడ్డాం. ఆ స్కూలు తల్లులు మంచివాళ్ళు, గొలుసు పట్టిన పాపానికి మాకు వేడి చాక్లెట్ కూడా ఇచ్చారు. మన కరీంనగరాయన దుప్పటి కప్పుకుని మా వెనకే నిలబడి, "అన్నా, మీ బిడ్డ మస్తు ఆడుతుంది. వచ్చే ఏడు ఇటే ఉంటది తియ్" అన్నాడు. మా తోడల్లుడు వెనక్కి తిరగలేదు. తిరగకూడదు కూడా.

మావాళ్ళు చచ్చీ చెడీ ఆడారు. చివర్లో రెండు పాయింట్లు వెనక. నాలుగో ప్రయత్నం. నేను పలక మీద నాలుగు తిప్పాను. కోచ్ చెయ్యెత్తి అమ్మలుని పిలిచాడు. ఆ కిక్కు స్తంభాల మధ్యకి పోతే మూడు పాయింట్లు, గెలుపు.

పిల్ల వచ్చి అడుగులు కొలుచుకుంది. మాకూ దానికీ మధ్య సగం మైదానం కూడా లేదు. ఒక్కసారి ఇటు చూసింది. గొలుసుకేసి చూసిందో, గొలుసు పట్టినవాడికేసి చూసిందో హెల్మెట్‌లో తెలియలేదు.

తన్నింది. బంతి బాగానే లేచింది. గాలి దాన్ని వేలితో తోసినట్టు పక్కకి తోసింది. స్తంభం బయటినుంచి పోయింది.

మా వెనక భూమి బద్దలైనట్టు అరుపులు. డప్పులు. దుప్పట్లు గాల్లోకి లేచాయి. మా అమ్మలు తన్నిన చోటే నిలబడిపోయింది, చేతులు రెండూ హెల్మెట్ మీద పెట్టుకుని.

అప్పుడు మా తోడల్లుడు అరిచాడు. కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, గొంతు చీరుకుపోయేలా, "చూశాన్రా అమ్మలూ! నేను చూశాను!" అని అరిచాడు. తెల్లటోపీ రిఫరీ గిరుక్కున తిరిగి, "సర్!" అన్నాడు. ఈయన గుండె మీద చెయ్యి పెట్టుకుని క్షమించమన్నట్టు తల వంచాడు. ఆ హోరులో అది పిల్లదాకా చేరలేదు. తల వంచుకుని ఆ ఒడ్డుకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వదినతో, "డాడీ డిడ్ నాట్ ఈవెన్ లుక్ ఎట్ మీ" అందట. గది తలుపేసుకుంది. ఆయన గది బయటిదాకా వెళ్ళి, నిలబడి, తిరిగి వచ్చాడట. అలాగే డిసెంబర్ పోయింది, జనవరి పోయింది. ప్రైవేటు స్కూలుకి మారేది ఖాయమే అన్నట్టు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడం మానేశారు. ఫిబ్రవరిలో ఆ మీటింగ్.

ఫ్యూనరల్ హోమ్‌లో మనవాళ్ళు చాలామంది వచ్చారు. ఆయన ఆఫీసువాళ్ళు పూలు పంపారు. వదినకి తన ఉద్యోగం, తన వీసా ఉండబట్టి ఆ రోజు వీసా మాట ఎత్తాల్సిన అగత్యం పట్టలేదు. లేకపోతే మనకి ఏడవడానికి కూడా లాయర్‌ని అడగాలి. నేను మూల కుర్చీలో కూర్చుని ఉంటే అమ్మలు వచ్చి పక్కన కూర్చుంది.

"బాబాయ్, ఆ రోజు నువ్వు డాడీ పక్కనే ఉన్నావు కదా. ఐ మిస్డ్ ఇట్, అప్పుడు. డిడ్ హి సే ఎనీథింగ్?"

మీకు పైన చెప్పిందే చెప్పాను.

"అరిచాడా? డాడీ?"

"అరిచాడు. రిఫరీ చేత చీవాట్లు తిన్నాడు."

"తెలుగులోనా?"

"ఆయనకి కోపమూ ప్రేమా తెలుగులోనే వస్తాయి బంగారం."

"ఎగ్జాక్ట్‌గా ఏం అన్నాడు? ఇంకోసారి చెప్పు."

చెప్పాను. పెదవులు కదుపుతూ, మర్చిపోకుండా, నాలుగైదుసార్లు తనలో తాను అనుకుంది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు నా భుజం మీద పడి ఏడ్చింది. ఆయన హాస్టల్ కథ కూడా ఆ రోజే చెప్పాను, కిటికీతో సహా.

వసంతం వచ్చాక తల్లితో, "ఐ యామ్ స్టేయింగ్" అంది. ఎక్కడికీ పోను, ఈ స్కూల్లోనే ఆడతాను అని. కరీంనగరాయన నా కౌంటర్ దగ్గరికి వచ్చి, "మంచి ఛాన్స్ ఇడిసిపెట్టింది గదన్నా బిడ్డ" అని బాధపడ్డాడు. ఆయన బాధ నిజమైనదే. కాలేజీ కోచ్‌లు మా మైదానానికి రారు. మన ఆడవాళ్ళు మాత్రం తండ్రి మాట నిలబెట్టిందని మెచ్చుకున్నారు. మొన్న వేసవి ప్రాక్టీస్‌కి నేనే దింపాను. తన్నే కాలి బూటుకి తెల్ల టేపు చుట్టుకుంది. దాని మీద వదిన చేత తెలుగులో రాయించుకుంది: చూశాన్రా అమ్మలూ.

ఆ అక్షరాలు అది చదవలేదు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. అందుకే ఈ మాట ఇక్కడ, ఈ పత్రికలో మాత్రమే రాయగలుగుతున్నాను. ఆ అరుపు లేదు. నేను కల్పించాను. అడిగిన పిల్ల ముఖం చూసి నోటికి వచ్చింది చెప్పేశాను. ఇప్పుడు అది ఆ మాట నమ్మి ఇక్కడే ఉండిపోయింది. నేను దానికి మేలు చేశానో, నేను కూడా ఒక జీపు తెచ్చి ఆపానో నాకు తెలియదు. నిజం చెబుదామని ప్రాక్టీస్‌కి దింపేటప్పుడు ప్రతిసారీ అనుకుంటాను. బూటు చూసి ఊరుకుంటాను. చదివినవాళ్ళు ఎవరూ దానికి వినిపించకండి. వినిపించినవాళ్ళకి నా కౌంటర్‌లో బజ్జీ పుట్టదు.

జరిగింది ఇది. బంతి బయటికి పోయింది. ఆటలో ఇంకా కొన్ని సెకన్లున్నాయి, బంతి ఇక అవతలి జట్టుది. వాళ్ళ పది గజాలు కొలవాలి. ఆయన కర్ర ఎత్తాడు, గొలుసు లాగాడు, రిఫరీ చూపించిన చోటికి నాకంటే ముందు పరిగెత్తాడు. కేకలు వేస్తూ గెంతుతున్న వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి, వాళ్ళ కోసం కర్ర దించాడు. ముఖం మామూలుగానే ఉంది. నోరు మూసే ఉంది. ఆ ఒడ్డుకి నడిచిపోతున్న పిల్లని చూస్తున్నాడు. కర్ర మొన గడ్డిలో దిగలేదు, తన బూటు మీద దిగింది. "అన్నయ్యా, కాలు" అన్నాను. వినలేదు. చివరి విజిల్ ఊదేదాకా ఆ కర్రని తన కాలి మీదే నిలబెట్టి, రెండు చేతులతో గట్టిగా అదుముతూ నిలబడ్డాడు.